గెలిచేటప్పుడే తెగే వైఫై

లిఫ్టాయన రిటైరై చాలాకాలమైనా ఆ వీధిలో ఆయన్ని ఇంకా లిఫ్టాయన అనే అంటారు. వీధిలో ఉన్న ఎత్తైన భవనాలన్నిటికీ లిఫ్టులు బాగుచేసింది ఆయనే. రెండంతస్తుల మధ్య ఎక్కడైనా లిఫ్టు ఆగిపోతే లోపల ఇరుక్కున్నవాళ్ళు దేవుణ్ణి తలుచుకునే లోపే ఆయన్ని తలుచుకునేవారు. ఆయన నింపాదిగా వచ్చి, పనిముట్ల సంచి కింద పెట్టి, తలుపు సందులోంచి లోపలివాళ్ళని ఒకే ప్రశ్న అడిగేవాడు.

"లోపలికి వెళ్ళాక మీరేం చేశారు?"

ఏమీ చెయ్యలేదనే అందరూ చెప్పేవారు. ఆయన మాత్రం నమ్మేవాడు కాదు. తీరా చూస్తే ఒకాయన తలుపు మూసుకోకుండా గొడుగు అడ్డం పెట్టి ఉండేవాడు, ఇంకొకావిడ గోడకి చేరబడి వీపుతో బటన్లన్నీ నొక్కి ఉండేది. యంత్రం అబద్ధం చెప్పదు, మనిషి చెప్తాడు, పైగా చెప్తున్నానని తనకే తెలియదు. ఇది ఆయన మొదటి సిద్ధాంతం. కారణం తేలకుండా, తేలిన కారణం నలుగురికీ తెలిసేలా రాయకుండా ఏ కంప్లయింటునీ మూసెయ్యకూడదన్నది రెండోది. ఉద్యోగమంతా ఈ రెండిటితోనే పేరు తెచ్చుకున్నాడు పాపం. ఆ పేరు తీసిందీ ఈ రెండే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మనిషి బల్లిలా ఉండేవాడు. లిఫ్టు గోతిలో గోడకీ పెట్టెకీ మధ్య ఉన్న సందులో ఇట్టే దూరిపోయేవాడు. రిటైరయ్యాక కూర్చోవడం మొదలుపెట్టాడు. కూర్చున్నవాడికి ఒళ్ళు రావడం వింత కాదు గనక ఇంట్లో ఎవరూ దాని ప్రస్తావన తేలేదు. ఆయన భార్య మాత్రం చొక్కాల గుండీలు కొంచెం కొంచెంగా అంచుకి జరిపి కుడుతూ వచ్చింది.

ఆవిడకో అన్నయ్య ఉన్నాడు. లిఫ్టాయనకి బావగారు. బీమా ఆఫీసుకి వచ్చిన క్లెయిముల్ని అనుమానించడమే ఉద్యోగంగా బతికి, పింఛను పుచ్చుకుంటున్న మనిషి. ఇల్లు కాలిపోయిందని చెప్పినా పొగ ఎటు వెళ్ళిందో చూపించమనే రకం. ఈ బావలిద్దరికీ పెళ్ళినాటి నుంచీ ప్రతి ఆదివారం చదరంగం. ఆ చదరంగం లిఫ్టాయన మావగారిది, అంటే ఆవిడ నాన్నగారిది. చెక్కతో చేసిన పాత బల్ల, పాత బలగాలు.

ఆ చదరంగానికో కథ ఉంది. ఆ రోజుల్లో మావగారు కూతుర్ని లిఫ్టు మెకానిక్కుకి ఇవ్వనని భీష్మించుకుని కూర్చున్నారు. చదరంగంలో ఒక ఏనుగు ఎప్పుడో పోతే, దాని చోట సీసా మూత పెట్టి ఆడుకుంటున్నారట. లిఫ్టు బాగుచేసి చేతులు కడుక్కోవడానికి వాళ్ళింట్లోకి వెళ్ళినప్పుడు కుర్రాడు ఆ మూత చూశాడు. అరిగిపోయిన ఇత్తడి ముక్క ఒకటి తీసుకుని, లేతు మిషను మీద చెక్కించి, బుల్లి ఏనుగు చేసి తెచ్చి ఇచ్చాడు. మావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మూత తీసేసి, ఆ గడిలో పెట్టారు. పెళ్ళి మాట ఎత్తలేదు. కుర్చీ చూపించి, "కూర్చో. ఎత్తు నీదే," అన్నారు. సంబంధం ఖాయమైనట్టు లోపల ఉన్న ఆడవాళ్ళకి కూడా తెలిసిపోయింది.

మావగారు పోయాక చదరంగం బావగారింట్లో ఉండిపోయింది. ఒక ఆదివారం ఈయన అక్కడికి, ఇంకో ఆదివారం ఆయన ఇక్కడికి, చంకలో బల్లతో సహా. తర్వాత బావగారికి మోకాళ్ళ నొప్పులు వచ్చి ఊరు ఈ చివరికి రావడం మానేశారు. పోనీ తనే వెళ్ళచ్చు కదా అంటే, వంతు తప్పింది ఆయన, నేనెందుకు వెళ్ళాలి అంటాడు లిఫ్టాయన. ఇద్దరూ ఇద్దరే. చివరికి బావగారమ్మాయి మధ్యవర్తిత్వం చేసింది. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని కంప్యూటర్లో ఆడుకోండి, నా ప్రాణం తియ్యకండి అని.

ఆ పిల్ల ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూస్తుంది. ల్యాబులో పక్కన పడేసిన పాత లాప్‌టాపు ఒకటి తెచ్చి, అందులో ఓపెన్ సోర్స్ వ్యవస్థ ఎక్కించి మామయ్యకి ఇచ్చింది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చని చెప్పింది. విప్పి చూసుకోవచ్చన్న మాట వినగానే లిఫ్టాయన దానికి దాసుడైపోయాడు. ఇన్నాళ్ళూ మూత తియ్యనివ్వని యంత్రాలంటే ఆయనకి గిట్టేది కాదు. ఊరికే వచ్చింది ఊరికే పోతుందని బావగారు ఫోన్లో సన్నాయినొక్కులు నొక్కారు. ఆ మాటతో ఈయనకి దాని మీద అభిమానం మరీ పెరిగింది.

ఇచ్చిన మొదటిరోజే ఆయన లాప్‌టాపుని శుభ్రం చేశాడు. మీటల మధ్య దుమ్ము పుల్లతో తీశాడు. ల్యాబు వాళ్ళు అతికించిన కాగితాలు పీకాడు. ముందంచు మీద ఎవరో మందపాటి నల్ల టేపు ముక్క అంటించి ఉంటే, అనాకారితనం అనుకుని దాన్నీ పీకేసి, జిగురు కిరసనాయిలుతో తుడిచి తళతళలాడించాడు. ఏది ఎక్కడుందో మేనకోడలు చెప్పబోతే, యంత్రం గురించి తనకి ఒకరు చెప్పక్కర్లేదని ఆపేశాడు.

ఆటలు మొదలయ్యాయి. మామూలుగా అంతా బాగానే ఉండేది. లిఫ్టాయన ఓడిపోతున్నంతసేపూ వైఫై శిలాశాసనంలా నిలబడేది. ఆయన ఎత్తు మీద ఎత్తు వేసి బావగారి మంత్రిని కొట్టి, ఇక రాజుకి దారి లేకుండా చేసి, చివరి ఎత్తు వెయ్యబోయేసరికి ఠక్కున తెగిపోయేది. అదేమిటా అని తెరలోకి తొంగిచూస్తే ఒక్కోసారి దానంతట అదే తిరిగొచ్చేది. ఒక్కోసారి వచ్చినట్టే వచ్చి మళ్ళీ పోయేది. ఈలోగా గడియారం తిరిగిపోయి, గెలవాల్సిన ఆట ఓడినట్టు తేలేది.

బావగారు ముందు నవ్వారు, తర్వాత అనుమానించారు. అనుమానించడం ఆయనకి అన్నం లాంటిది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఎత్తు తోచనప్పుడల్లా తీగ పీకేస్తున్నావని తేల్చారు. గెలుస్తున్నవాడు ఎందుకు పీకుతాడని ఈయన మొత్తుకున్నాడు. గెలుస్తున్నావని నువ్వు అనుకుంటున్నావు, అన్నారు ఆయన. అలా మాటామాటా పెరిగి ఒక ఆదివారం బావగారు తీర్పు చెప్పేశారు.

"వచ్చే ఆదివారం ఒకే ఒక్క ఆట బావా. గెలిస్తే నాన్నగారి చదరంగం నీది, నేనే తెచ్చిస్తా. మధ్యలో తెగిందా, నువ్వు ఓడినట్టే. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తా. మళ్ళీ దాని ఊసెత్తకూడదు."

లిఫ్టాయన సరేనని ఫోన్ పెట్టేశాడు. ఆ బల్ల మీద ఉన్న ఇత్తడి ఏనుగు ఆయనకి పెళ్ళి శుభలేఖ కన్నా ఎక్కువ. ఆడకుండా దాన్ని అద్దాల వెనక పెడతారంటే ప్రాణం ఉసూరుమంది. ఆ రాత్రి సరిగ్గా తినలేదు, రెండోసారి వడ్డించుకుని మాత్రం ఊరుకున్నాడు.

మర్నాటి నుంచి ఇల్లు వర్క్‌షాపైపోయింది. రౌటరు హాల్లోంచి పడగ్గదికి, పడగ్గదిలోంచి అల్మరా నెత్తికి ఎక్కింది. ఆట సమయంలో మైక్రోవేవ్ వెయ్యకూడదన్నాడు. ఆ మాటలో కొంత శాస్త్రం ఉంది కాబట్టి భార్య ఒప్పుకుంది. తర్వాత ఫ్రిజ్జు ఆపమన్నాడు. పాలు విరిగాయి. పక్క వాటా వాళ్ళ రౌటరు తన రౌటరుతో గొడవపడుతోందని అనుమానం వచ్చి, వెళ్ళి వాళ్ళనీ ఆపమని అడిగాడు. వాళ్ళు మర్యాదగా తలుపు వేసుకున్నారు. కింది వాటా టైలరు రౌటరు వెనక వెండి కాగితం పెట్టి చూడమంటే పెట్టాడు. అది తియ్యమని ఇంకొకరంటే తీశాడు.

మేనకోడలు కాలేజీ అయ్యాక రోజూ వచ్చి కూర్చునేది. కరెంటు ఆదా కోసం లాప్‌టాపు వైఫైని మధ్యమధ్యలో నిద్రపుచ్చే ఏర్పాటు ఉంటుందట, దాన్ని తీసేసింది. రౌటరు పనిచేసే చానెల్ మార్చింది. వైఫై చిప్పుని నడిపే డ్రైవరు కొత్తది ఎక్కించింది. ఎక్కించి తను గంటసేపు వాడితే ఒక్కసారీ తెగలేదు. ఆయన వీడియోలు చూస్తే తెగలేదు. వార్తలు చదివితే తెగలేదు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఆడి ఓడిపోయినా తెగలేదు. గెలవబోతే తెగింది.

దాంతో లిఫ్టాయనకి మేనకోడలి మీదే అనుమానం వచ్చింది. ఎంతైనా బావగారి కూతురు కదా. తండ్రి మాట విని లోపల ఏదో మెలిక పెట్టి ఉండదూ అని ఒకరోజు నసిగాడు. ఆ పిల్ల కోప్పడలేదు. "మామయ్యా, గెలుస్తున్నావో లేదో కనిపెట్టి ఆపే ప్రోగ్రాం రాయగలిగితే నేను ఆ ల్యాబులో ఎందుకుంటాను?" అంది. ఆయనకి సబబుగానే తోచింది.

ఆ పిల్ల ఈ గొడవంతా ఆ వ్యవస్థ వాడేవాళ్ళ ఫోరంలో పెట్టింది. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో అక్కడ ఒకరికొకరు సాయం చేసుకుంటారట, ఎవరూ పైసా అడగరట. ఒక్కటే మర్యాద. సాయం అడిగినవాళ్ళు సంగతి తేలాక తిరిగొచ్చి, అసలు కారణం ఏమిటో రాయాలి. రేపు ఇంకొకడికి అదే జబ్బు వస్తే వెతుక్కోవడానికి. లిఫ్టాయన తొడ మీద చరుచుకుని, పద్ధతంటే ఇదీ, మా ఆఫీసులో కుర్రాళ్ళకి చెప్పీ చెప్పీ నోరు పడిపోయేది అని మెచ్చుకున్నాడు. కారణం తేలనీ, తన పేరుతో తనే రాస్తానని మాట కూడా ఇచ్చేశాడు.

ఫోరంలో ఎవరో చెప్పిన ప్రకారం ఆ పిల్ల లాప్‌టాపు దాచుకున్న చిట్టా తీసి చదివింది. చదివి కనుబొమలు ముడిచింది. వైఫై దానంతట అది పోవడం లేదట. ఎవరో బటన్ నొక్కి ఆపుతున్నట్టు యంత్రం చెబుతోందట. మీటల వరసలో వైఫై ఆపే మీట ఒకటి ఉంటే, వేలు తగులుతోందేమోనని దాన్ని పనిచెయ్యకుండా చేసింది. మర్నాడు ఆయన గెలవబోయాడు. తెగింది.

యంత్రం అబద్ధం చెప్పదు. ఎవరో నొక్కుతున్నారు. ఆ గదిలో ఆట సమయంలో ఉండేది ఇద్దరే, తను, తన భార్య. లిఫ్టాయన మెల్లిగా తల తిప్పి భార్య వంక చూశాడు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన పట్టబోయాడు. పుట్టింటి పక్షం అనేది రక్తంలో ఉంటుందని, అన్నగారి మీద ప్రేమ ఉండటం తప్పు కాదని, అయినా మొగుడి పరువు కూడా కాస్త చూసుకోవాలని, అటు తిప్పీ ఇటు తిప్పీ అన్నాడు. చివరికి పాత అలవాటు కొద్దీ అడగకూడని ప్రశ్న అడిగేశాడు.

"ఈ గదిలోకి వచ్చాక నువ్వేం చేశావు?"

ఆవిడ ఆయన చొక్కాకే గుండీ కుడుతోంది. దారం పళ్ళతో తెంపి, చొక్కా మడిచి పక్కన పెట్టి, లేచి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆవిడకి నిజంగా బాధేసింది. అది తన నాన్న చదరంగం, ఆ ఏనుగు గడిలోకి వెళ్ళిన రోజు తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడింది తను. ఇన్నేళ్ళ కాపురం తర్వాత ఈ మనిషికి తన మీద అనుమానం. బాధ కొంచెం తగ్గాక ఆవిడకి కుతూహలం పుట్టింది. అందరూ లాప్‌టాపుని చూస్తున్నారు, రౌటరుని చూస్తున్నారు, తననీ చూశారు. ఆయన్ని ఎవరూ చూడటం లేదు.

మర్నాడు ఆయన ఎవరితోనో ఆడుతుంటే ఆవిడ కుట్టుపని పట్టుకుని పక్క కుర్చీలో కూర్చుని ఆయన్నే చూసింది. ఓడుతున్నప్పుడు వెనక్కి జారగిలబడ్డాడు. సమానంగా ఉన్నప్పుడు నిటారుగా కూర్చున్నాడు. గెలుపు కనబడేసరికి కళ్ళు మెరిసి, కుర్చీ అంచుకి జరిగి, తెరలోకి దూరిపోయేలా ముందుకి వంగాడు. ఆవిడ చూపు కిందికి దిగింది. కిందికి దిగిన చోటే ఆగిపోయింది. లాప్‌టాపు ముందంచున ఉన్న చిన్న వైఫై దీపం ఆరిపోయింది. ఆయన గోలపెడుతూ ఇంకాస్త వంగాడు. దీపం వెలిగింది.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని, నవ్వు అయిపోయేదాకా అక్కడే ఉంది. ఆ ముక్క చెప్పడానికి ఆవిడకి నోరుంది. కానీ ఆ నోటితో ఆయనతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకుని ఉంది. ఒట్టంటే ఒట్టే.

ఆదివారం వచ్చింది. మేనకోడలు పొద్దున్నే వచ్చి, సాక్షిగా గోడవార కూర్చుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆట మొదలైంది. ఫోన్లో బావగారు ఒక్కో ఎత్తుకీ దగ్గుతున్నారు, ఓడుతున్నప్పుడు ఆయనకి దగ్గొస్తుంది. భార్య ఒక మాటా మాట్లాడకుండా వచ్చి లిఫ్టాయన కుర్చీ వెనక నిలబడింది. ఆయన మేనకోడలి వంక చూసి, కనిపెట్టి ఉండమ్మా అని కళ్ళతో సైగ చేశాడు.

ఆట మధ్యలో బావగారు తొందరపడి గుర్రం పోగొట్టుకున్నారు. కాసేపటికి ఆయన రాజు తన బంట్ల వెనకే మూలన ఇరుక్కున్నాడు. లిఫ్టాయన ఏనుగుకి దారి తెరుచుకుంది. ఒక్క ఎత్తు, వరస చివరి దాకా నడిపిస్తే ఆటకట్టు. ఆయన కళ్ళు మెరిశాయి. కుర్చీ అంచుకి జరిగాడు. వంగబోయాడు.

వెనక నుంచి ఒక చెయ్యి కాలరు పట్టుకుని లాగింది.

ఆయన గింజుకున్నాడు. చెయ్యి వదల్లేదు. అన్నాచెల్లెళ్ళు కుమ్మక్కై గొంతు నొక్కుతున్నారని మేనకోడలికి మొర పెట్టుకున్నాడు. ఆవిడ కాలరు ఇంకో మెలిక తిప్పి, కుర్చీకి ఆనించి కదలకుండా పట్టుకుంది. గడియారం తిరుగుతోంది. ఆయన ఎర్రబడ్డ మొహంతో, చేతులు బారచాపి, వేలి చివరతో ఏనుగుని తోశాడు. ఆటకట్టు అని తెర మీద పడింది. ముందంచున దీపం వెలుగుతూనే ఉంది.

ఫోన్లో దగ్గు ఆగిపోయింది. బావగారు, "తెగలేదే," అన్నారు.

లిఫ్టాయన సంతోషం, కోపం ఏది ముందో తెలియక భార్య వైపు తిరిగాడు. పీక ఎందుకు పట్టుకున్నావని అడిగాడు. ఆవిడ కాలరు వదిలి, చొక్కా సరిచేసి, ఇన్నాళ్ళకి నోరు విప్పింది.

"కుర్చీలో కూర్చున్నాక మీరేం చేశారు?"

"నేనా? నేనేం చెయ్యలేదు," అన్నాడాయన.

అన్నాక తన మాట తనకే వినిపించింది. ఆవిడ గెలవబోతున్నట్టు ఒకసారి వంగి చూపించమంది, అంతే. ఆయన వంగాడు. దీపం ఆరింది. ఇంకొంచెం వంగాడు. వెలిగింది. మేనకోడలు మోకాళ్ళ మీద కూర్చుని ముందంచు తడిమి చూసింది. వేలికి తగిలీ తగలనంత చిన్న బటన్ ఒకటి, నల్ల అంచులో నల్లగా కలిసిపోయి ఉంది. వైఫైని ఆపడానికీ వెయ్యడానికీ పెట్టిన బటన్ అది. ఎవరికీ తగలకూడదనే ల్యాబులో ఎప్పుడో ఎవరో దాని మీద మందపాటి టేపు వేశారు.

"మామయ్యా, ఇక్కడుండాల్సిన టేపు ఏది?" అంది ఆ పిల్ల.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అందరూ విన్నదే. లిఫ్టాయన ఒళ్ళో పెట్టుకుని వెతికాడు. ఆయన తన పొట్ట వంక, ఎవరో అద్దెకున్నవాళ్ళని చూసినట్టు, చాలాసేపు చూశాడు.

కొత్త టేపు ముక్క అంటించడంతో జబ్బు నయమైంది. ఇక మిగిలింది ఫోరంలో కారణం రాయడం. అది మాత్రం రాయొద్దని ఆయన మేనకోడల్ని బతిమాలాడు. డ్రైవరు లోపం అని రాయమన్నాడు. వాతావరణం అని రాయమన్నాడు. ఆ పిల్ల సరేననబోయింది గానీ వంటింట్లోంచి భార్య, కారణం రాయకుండా కంప్లయింటు మూసెయ్యొచ్చా అని ఎవర్నో అడుగుతున్నట్టు గట్టిగా అడిగింది. ఆయన లాప్‌టాపు దగ్గరికి లాక్కుని, ఒక్కో మీటా వెతుక్కుంటూ తనే కొట్టాడు. కొట్టాక వాళ్ళకి చూపించకుండా పంపించేసి, ఇంట్లో ఉండబుద్ధి కాక వీధిలోకి వెళ్ళిపోయాడు. అత్తా మేనకోడలూ వెంటనే తెరిచి చదివారు.

"కారణం తేలింది. ముందంచున వైఫై బటన్ ఉంది. దాని మీద టేపు ఉండేది, అనవసరం అనుకుని నేనే పీకాను. గెలుస్తున్న ఉత్సాహంలో వంగినప్పుడు నా పొట్ట తగిలి ఆగిపోతోంది. లాప్‌టాపులో లోపం లేదు. సాఫ్ట్‌వేరులో లోపం లేదు. నా భార్య తప్పు అసలే లేదు, ఆవిణ్ణి అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాను."

మేనకోడలు పడీపడీ నవ్వింది. అత్తయ్య నవ్వలేదు. ఆ చివరి వాక్యం మళ్ళీ ఒకసారి చదువుకుని, కళ్ళు ఒత్తుకుని, ఆ పూట ఆయనకిష్టమైన కూర పొయ్యి మీద పెట్టింది. ఆయన తిరిగొచ్చేసరికి ఫోరంలో జవాబులు వచ్చి ఉన్నాయి. అందులో ఇద్దరు, మాదీ అదే జబ్బని, ఇన్నాళ్ళూ మేమూ ఇంట్లోవాళ్ళనే అన్నామని రాశారు.

బావగారు మాట నిలబెట్టుకున్నారు. తర్వాతి ఆదివారం మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, చదరంగం చంకలో పెట్టుకుని వచ్చారు. లిఫ్టులో పైకి వచ్చి, లిఫ్టు సరిగ్గా ఆగడం లేదని వంక పెట్టారు. ఆటకట్టు చేసిన మొనగాణ్ణి ఒకసారి లేచి నిలబడమని, ఎగాదిగా చూసి, క్లెయిము నిజమైనదేనని ధ్రువీకరించారు. కూతురు అప్పటికే అంతా చదివి వినిపించిందన్నమాట.

బల్ల పరిచారు. ఇత్తడి ఏనుగు తన మూల గడిలో కూర్చుంది. లిఫ్టాయన దాన్ని వేలితో ఒకసారి తాకి, గడి మధ్యకి సర్దాడు. బావగారు ఆ కాసేపు వేళాకోళం మానేశారు. "కానీ బావా. ఎత్తు నీదే," అన్నారు.

ఆట బాగా సాగింది. బావగారికి దగ్గు మొదలైంది. లిఫ్టాయన కళ్ళు మెరిశాయి. కుర్చీ అంచుకి జరిగి, బల్ల మీదికి వంగాడు. ఇత్తడి ఏనుగు, రెండు బంట్లు, రాజు కలిసి బొళబొళ నేలమీద పడ్డాయి.

"కనెక్షను పోయింది," అన్నారు బావగారు తాపీగా.

బల్ల కిందకి దొర్లిన ఏనుగుని ఆవిడ వంగి తీసి, కొంగుతో తుడిచి, దాని గడిలో పెట్టింది. బంట్లనీ రాజునీ ఎక్కడివక్కడ సర్దింది. తర్వాత కుర్చీ ఒకటి లాక్కుని ఆయన వెనక కూర్చుని, కాలరు పట్టుకుంది.